గడప అవతల విడిచిన చెప్పులు

నల్లమల అడవిలో, నాగర్‌కర్నూల్ వైపు, పాతకాలపు శైవమఠం ఒకటి శిథిలమై ఉందని విని పోయిన చలికాలం వెళ్లాను. దారి చూపడానికి లింగయ్య అనే చెంచు పెద్దాయన వచ్చాడు. అడవిలో పులి జాడలు పట్టే పని ఆయనది.

మఠం లోపల అడుగు పెట్టగానే నా కడుపు మండిపోయింది. గుప్తనిధుల కోసం ఎవరో నేల మీది బండలన్నీ పెకిలించి, నడుము లోతు గొయ్యి తవ్వారు. పొట్టలో బంగారం ఉంటుందన్న పిచ్చితో రాతి నందిని రెండు ముక్కలు చేశారు. గొయ్యి పక్కన పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. తవ్వేముందు పూజ కూడా చేశారన్నమాట!

"వీళ్లసలు మనుషులేనా? దేవుడంటే భయం లేదు, పాతవాళ్ల పనితనమంటే గౌరవం లేదు!" గొయ్యి చుట్టూ తిరుగుతూ అరిచాను.

లింగయ్య ఉత్తకాళ్లతో గడప దగ్గరే నిలబడి మట్టి వంక చూస్తున్నాడు.

"మల్లన్న మా చెంచుల ఆడబిడ్డను చేసుకున్నడు సారూ. మాకు అల్లుడైతడు. గిది మా అల్లుని ఇల్లు," అన్నాడు.

"ఎంతమంది వచ్చారో తెలుస్తుందా?"

"నలుగురు. అన్నీ ఉత్తకాళ్ల జాడలే. చెప్పులు గడప అవతల్నే ఇడిచి వచ్చిన్రు."

ఆయన చూపు ఆ జాడల వెంట నడిచి, వాటిని తొక్కేసిన నా బూట్ల దగ్గర ఆగింది.

"ఆ దొంగలకు గూడ గంత ఎరుకనే సారూ," అన్నాడు.