మధ్యవర్తి మోసిన మాటలు

ఆ సెమిస్టర్‌లో మాకు సంస్థాగత కమ్యూనికేషన్ అనే పేపరు ఉండేది. ఆఫీసులో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలి, తగాదా వస్తే ఎలా తీర్చుకోవాలి, ఇదీ సబ్జెక్టు. తగాదాల మీద ప్రజెంటేషన్ మా జట్టుకే పడింది. జట్టంటే ముగ్గురం: నేను, తార్నాకలో నా గదిలోనే ఉండే స్నేహితురాలు, కాకినాడ నుంచి వచ్చిన ఒక మహా మర్యాదస్థుడు.

క్లాసు ముందు ఎవరు మాట్లాడాలన్న దగ్గర నాకూ నా స్నేహితురాలికీ చెడి మాటలు ఆగిపోయాయి. తగాదా తీర్చడమెలాగో చెప్పడానికే తగాదా పడ్డాం, అంత శ్రద్ధ మాది. ఒకే స్టవ్ మీద ఎవరి టీ వాళ్ళం పెట్టుకునేవాళ్ళం. ఏం చెప్పాలన్నా క్యాంపస్‌కు వెళ్ళి మర్యాదస్థుడికి చెప్పాలి, ఆయన అటు చేర్చాలి. నెలాఖరుకు తను గది వదిలేసి అడిక్‌మెట్‌లో హాస్టల్‌కు పోతుందని కూడా ఆయన ద్వారానే తెలిసింది. ఈ ఊళ్ళో నాకున్నది తనొక్కతే. అయినా రోషం ఊరుకుంటుందా? పొమ్మను అన్నాను.

ఆయనకో జబ్బుంది, ఘాటైన మాట నోట పెట్టలేడు. ఏ మాటైనా ఇంత బెల్లం కలిపి గానీ అందించడు. నేనే మాట్లాడతానని చెప్పు అంటే, అటు వెళ్ళి "మిమ్మల్నే మాట్లాడమన్నారండి" అనేవాడు. అటునుంచి ఇటూ అదే వరస.

ప్రజెంటేషన్ రోజు సార్ పిలవగానే ఇద్దరం వెళ్ళి ఒకే మైకు పట్టుకున్నాం. ఎవరికి వాళ్ళం గెలిచామనే అనుకున్నాం మరి. క్లాసంతా గొల్లుమంది. మాట ఎక్కడ తప్పిపోయిందని సార్ అడిగితే, ఇద్దరి వేళ్ళూ మర్యాదస్థుడి వైపే తిరిగాయి. ఎవరి మనసూ నొప్పించకూడదనే అలా చెప్పానండి అని ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాపం, ఆయన్ని ఏమనగలం!

బయటికొచ్చి మేమిద్దరం మెట్రో స్టేషన్ వైపు నడిచాం. ఇక ఉండబట్టలేక, నిజంగానే పోతున్నావా అని అడిగాను.

"నువ్వు పొమ్మంటే కొట్లాడైనా గీడనే ఉంటుంటి," అంది. "నీ ఇష్టం అన్నవంట. గా మాటకే మస్తు ఏడ్చిన."

"గా మాట నాది కాదే. నేను పొమ్మన్న."

తను రోడ్డు మీదే ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని, నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"గట్లయితే పోను."