ఎవల్ని తిడితే వాడే నీ వంతు

మా కాక పోయాడన్న కబురు నాకు దుబాయిలోని అల్ ఖూజ్ గోదాములో సరుకు దించుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది మా ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ రాజేశం. "అన్నా, కాక ఇగ లేడన్నా" అన్నాడు. పొద్దున కంపెనీ బస్సు కోసం బూట్లు తొడుక్కుంటూ ఛాతీలో నొప్పని మంచం మీద కూర్చున్నాడట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ముందు రోజే మా జట్టు ఓడిపోయింది. ఆ మ్యాచ్‌ను మళ్లీ చూడడానికి ఆ సాయంత్రం అందరం కాక గదిలోనే కలవాల్సి ఉంది.

కాక మాకెవరికీ రక్తసంబంధి కాదు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన షట్టరింగ్ కార్పెంటర్. మేముండే కూలీల క్యాంపులో అందరికంటే పెద్దవాడు కాబట్టి అందరికీ కాక, అంటే చిన్నాన్న, అయ్యాడు. జీవితంలో ఫుట్‌బాల్ ఆడినవాడు కాదు. ఆ మాటకొస్తే మాలో ఎవరం ఆడలేదు, మేమంతా క్రికెట్ మనుషులం. కరోనా తగ్గి మళ్లీ బయట ఆడుకోనిచ్చాక చూస్తే, క్యాంపు వెనక మిగిలిన ఇసుక జాగా క్రికెట్‌కు చాలదు. పక్క క్యాంపు మలయాళీలు అందులో ఫుట్‌బాల్ ఆడుతున్నారు. "వాళ్లకే ఉన్నయా కాళ్లు, మనకు లెవ్వా?" అన్నాడు కాక. అలా పుట్టింది మా జట్టు. ఆడేవాళ్ల కంటే అరిచేవాళ్లం ఎక్కువగా ఉండేవాళ్లం. నేను అరిచేవాళ్లలో ఒకణ్ని.

మొదటి మ్యాచ్‌లోనే చిత్తుగా ఓడిపోయాం. పికప్ నడిపే మా దోస్తు ఒకడు బండి మీదికెక్కి ఫోన్‌లో ఆటంతా వీడియో తీశాడు. మర్నాడు డ్యూటీ దిగి వచ్చాక కాక గది టీవీలో పెట్టుకుని చూస్తే అసలు సంగతి బయటపడింది. మా వెనక వరస వాళ్లు అచ్చం క్రికెట్ ఫీల్డర్లలా, ఎవరి చోట వాళ్లు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడి, బంతి తమ దగ్గరికి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు! పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. కాక నవ్వలేదు.

"నిన్న గొంతులు చించుకున్నరు గదరా. గప్పుడు ఒక్కనికన్న గిది కండ్లబడ్డదా?"

పడలేదు. మేమూ బంతినే చూశాం.

అప్పుడే కాక తన షరతు పెట్టాడు. "ఎవల్ని ఎక్కువ తిడితే వాడే నీ వంతు." అంటే మ్యాచ్‌లో నువ్వు ఎవణ్ని తిట్టావో, వీడియోలో మొదటి నుంచి చివరి దాకా వాణ్నొక్కణ్నే చూడాలి. బంతి ఎటు పోయినా నీకు పనిలేదు. చూశాక వాడి తరఫున నువ్వే మాట్లాడాలి. వాడు తప్పు చేసుంటే ఎందుకు చేశాడో కూడా నువ్వే చెప్పాలి. ముందు వరస కుర్రాణ్ని సోమరిపోతని తిట్టిన పికప్ డ్రైవర్, మరుసటి సాయంత్రం వాడి కోసం అందరితో పోట్లాడడం నేను కళ్లారా చూశాను. "వానికి ఒక్కడన్న బంతి ఇచ్చిండా? పొద్దంత ఉరుకుతనే ఉన్నడు పాపం!" అని వాడు మంచం దిగి మరీ అరిచాడు. ఆ రోజు నుంచి మేం వాణ్ని వకీల్ సాబ్ అంటున్నాం.

వీడియో పెట్టగానే కాక టీవీ శబ్దం తీసేసేవాడు. "మన తిట్లు మనకే ఇనబడ్తయ్, మళ్ల గరమైతరు" అనేవాడు. గది మధ్యలో నేల మీద బాసిపట్లు వేసుకుని, రాత్రి కూరకు ఉల్లిగడ్డలు కోస్తూ, కళ్లు మాత్రం టీవీ మీదే ఉంచి చూసేవాడు. కళ్లు తుడుచుకున్నప్పుడు అది ఉల్లిగడ్డ వల్లో, ఆట వల్లో మేం పందేలు వేసుకునేవాళ్లం. ఎవడైనా నిరాశపడి "ఖలాస్, మన పని అయిపోయింది" అన్నాడా, కత్తీ గిన్నే వాడి ముందుకు జరిపేవాడు. "ఖలాస్ అనుడు సీటి ఊదె రెఫరీ పని. మనం గా మాటంటె ఉల్లిగడ్డ గొయ్యాలె." పనిచోట ముదీర్, అదే మేనేజరు, అరిచిన రోజుల్లో, ఇంటి మీద బెంగపడిన రోజుల్లో కూడా నాకు ఆ మాటే పనికొచ్చింది. ఆయనకు నేను ఆ కృతజ్ఞత ఎప్పుడూ చెప్పుకోలేదు. ఇక్కడ చెబుతున్నాను.

కాక చూసిన చివరి మ్యాచ్ ఆఖరులో మా గోలీ, అంటే గోల్‌కీపర్, సాయిలు పక్క నుంచి బంతి దూరిపోయింది. ఇంకొక్కటి ఓడితే క్యాంపుల పోటీ నుంచి ఇంటికే. రాజేశం అక్కడికక్కడే సాయిలు గ్లోవ్స్ లాగేసుకున్నాడు. సాయిలు తల వంచుకుని, ఇక ఆడనన్నాడు. కాక వెళ్లి వాడి భుజం మీద చెయ్యి వేసి, "రేపు జూసినంక మాట్లాడుదాం" అన్నాడు. ఆ రేపు ఆయనకు రాలేదు.

కాగితాల పనంతా అయ్యి, కాక పెట్టె విమానమెక్కింది. తర్వాతి మ్యాచ్ దగ్గరపడుతుండగా మేం మళ్లీ ఆ గదిలో కూర్చున్నాం. సాయిలు రాలేదు.

"కాకనే లేడు, ఇగ జూసుడెందుకన్నా? గోలీని మార్చుడే. ఖలాస్" అన్నాడు రాజేశం.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మనిషి పోతే ఆయన పద్ధతి కూడా పెట్టెలో పెట్టి పంపేస్తామా? లేచి ఉల్లిగడ్డల గిన్నె తెచ్చి రాజేశం ముందు పెట్టాను.

"ఖలాస్ అన్నవ్ గదా, గొయ్యి. అందరికంటె ఎక్కువ తిట్టింది నువ్వే. సాయిలు నీ వంతు."

రాజేశం నన్ను ఉరిమి చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, బాసిపట్లు వేసుకుని కత్తి అందుకున్నాడు. నేను టీవీ శబ్దం తీసేశాను.

వీడియోలో ఆఖరి గోల్ పడే ఘట్టం వచ్చింది. బంతి ఇంకా కుడివైపే ఉంది. సాయిలు మాత్రం రెండు చేతులూ ఊపుతూ, నోరంతా తెరిచి, ఎడమవైపు చూపిస్తున్నాడు. అటు నుంచి అవతలి జట్టువాడు ఒంటరిగా వస్తున్నాడు. సాయిలు అరుస్తున్నది ముందున్న మనిషి కోసం. ఆ మనిషి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, వెనక్కి తిరగకుండా బంతినే చూస్తున్నాడు. ఆ మనిషి రాజేశమే.

రాజేశం కత్తి కింద పెట్టాడు.

"మళ్లొక్కసారి పెట్టన్నా."

పెట్టాను.

"వాడు పిలుస్తనే ఉన్నడు గదనే" అన్నాడు. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు ఎవరూ పందెం వేయలేదు. గ్లోవ్స్ తీసుకుని తనే సాయిలు గదికి వెళ్లాడు.

తర్వాతి మ్యాచ్ సమంగా ముగిసింది, పోటీలో మిగిలాం. గుర్తు చేసుకుంటే నాకు కనబడేది చివరి నిమిషాలు. బంతి కుడివైపు ఉంది, మేమంతా అటే చూస్తూ అరుస్తున్నాం. గోల్ ముందు సాయిలు చెయ్యి లేచింది. ఆ ఇసుకలో బంతిని చూడని మనిషి రాజేశం ఒక్కడే. తల వెనక్కి తిప్పి సాయిలు చేతినే చూస్తూ, అది చూపించిన వైపుకు పరిగెడుతున్నాడు.