మొదటిసారి మూసుకున్న తలుపు

ఆఫీసులో ఆమెకు జల్లెడ అని పేరు. ఎదురుగా అందరూ మేడం అనేవారు గానీ వెనక నడిచే పేరు ఆమెకూ తెలుసు. లోలోపల ముచ్చటే.

లిఫ్టులు నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ అది. కోడ్‌లో ఎవరు ఏ మార్పు రాసినా ఆమె చదివి సరేనంటే తప్ప గడప దాటేది కాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఆ గదిలో మాత్రం రాసేవాళ్లే చదివేమనిషికి లోకువ. వాళ్లలో గొడవ అని పేరుపడ్డవాడు ఒకడుండేవాడు. ఆమె ఒక తప్పు చూపిస్తే కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి కూర్చుని, "ఇదెలా తప్పండీ? మీకు అర్థం కాకపోతే తప్పేనా?" అని పోట్లాడేవాడు. చివరికి తలగోక్కుని, "సరే లెండి, మీరే గెలిచారు" అని కాఫీ తెచ్చిపెట్టేవాడు. ఆ పోట్లాటల్లోనే ఆమె పని నేర్చుకుంది. మనిషి ఎక్కడ గొంతు పెంచుతాడో, లొసుగు అక్కడే ఎక్కడో ఉంటుంది.

ఇప్పుడు గొడవను వేరే విభాగానికి పంపేశారు. కోడ్ రాసేది ఏఐ ఏజెంట్లు. పని చెబితే చాలు, కాఫీ చల్లారేలోపు రాసి, దాన్ని పరీక్షించే టెస్టులు కూడా అవే రాసి, నడిపించి, అన్నీ పాసయ్యాయని పచ్చదీపం చూపిస్తాయి. తప్పు పట్టుకుంటే కోపం రాదు. "మీరు చెప్పింది నిజమే, సరిచేశాను" అంటాయి. ఎంత మర్యాదో! పోట్లాడని వాటితో పనిచేయడం హాయి అనుకుంది మొదట్లో. కానీ మార్పులు వానాకాలం చీమల్లా బారులుతీరి వచ్చాయి. జల్లెడ పట్టడానికైనా తీరిక ఉండాలి కదా. దీపం పచ్చగా ఉంటే పైపైన చూసి 'అప్రూవ్' నొక్కడం ఎప్పుడు అలవాటైందో ఆమెకే తెలియదు.

ఆ రోజు పొద్దున్నే అత్తయ్య నడకకని వెళ్లి, వెళ్లిన కాలితోనే తిరిగొచ్చింది. చేతికర్ర అడుగుభాగం చీలిపోయి ఉంది.

"అమ్మాయ్, మన లిఫ్టుకి ఆకలేసినట్టుంది. నా కర్రని కొరికింది."

ఆమె నవ్వుతూ కర్ర అందుకుంది. చీలిక మీద వేలు పెట్టగానే నవ్వు ఆగిపోయింది.

"ఎలా అయింది అత్తయ్యా?"

"ఎలాగేముంది? తలుపు తెరుచుకుంది, ముందు కర్ర పెట్టాను, పట్టుకుంది. లాగితే వచ్చింది. కాలు పెట్టి ఉంటే కాలు పట్టుకునేది. నా కాలికి అంత రుచి లేదనుకో."

ఆమె గబగబా లిఫ్టు దగ్గరికి వెళ్లింది. తలుపు మూసుకునేటప్పుడు చెప్పు విడిచి మధ్యలో పెట్టింది. తలుపు ఠక్కున వెనక్కి తెరుచుకుంది. మళ్లీ పెట్టింది. మళ్లీ తెరుచుకుంది. భర్త గుమ్మంలోంచి చూస్తున్నాడు.

"బాగానే ఉంది కదా! అమ్మ కర్ర ఎక్కడో ఇరికించుకుని ఉంటుంది."

"నేనేం చిన్నపిల్లనా ఇరికించుకోవడానికి?" లోపల్నుంచి అత్తయ్య.

ఆమె చెప్పు తొడుక్కుని ఆఫీసుకి బయల్దేరింది. కొత్త మార్పు ఏదొచ్చినా ముందు ఆఫీసు లిఫ్టులోనూ, ఉద్యోగులుండే ఒకటి రెండు భవనాల్లోనూ పెట్టి చూడడం కంపెనీ పద్ధతి. వండినవాళ్లు తిన్నాకే వడ్డన అన్నమాట. వాటిలో వీళ్ల భవనం ఒకటి. తలుపులు త్వరగా మూసుకునేలా చేసిన మార్పు నిన్ననే ఇక్కడికి వచ్చింది. దాన్ని సరేనన్నది ఆమే. చదివిందా? దారంతా అదే ప్రశ్న. తెరిచినట్టు గుర్తుంది. పచ్చదీపం గుర్తుంది. మధ్యలో ఏముందో ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు. చదివానో లేదో తెలియకపోవడం, చదవలేదని తెలియడం కంటే భయంగా ఉంది.

ఆఫీసులో కుర్చీలో కూర్చోగానే ఆ మార్పు తెరిచింది. ఈసారి ఒక్కో వాక్యం వేలుపెట్టి చదివింది.

తలుపు అంచుల మధ్య కంటికి కనబడని కాంతిరేఖ ఒకటి ఉంటుంది. మనిషి అడ్డొస్తే అది తెగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. లిఫ్టు చాలాసేపు ఖాళీగా ఉంటే ఆ రేఖ నిద్రపోతుంది. మళ్లీ పిలిస్తే అది మేలుకునేదాకా తలుపు ఆగేది. ఆలస్యం తగ్గించమన్నారు కాబట్టి, ఏజెంటు ఆ ఆగడం తీసేసింది. తీసేసరికి టెస్టు తప్పింది. నిద్రలేచిన మొదటిసారి తప్పింది, రెండోసారి పాసయింది. అప్పుడు ఏజెంటు ఏంచేసిందో ఆమె రెండుసార్లు చదివింది. 'ఈ టెస్టు నిలకడగా లేదు. మూడుసార్లు నడిపి, ఒక్కసారి పాసైనా పాసైనట్టే లెక్కించేలా మార్చాను' అని రాసిపెట్టింది. దాచలేదు. చక్కగా, మర్యాదగా, పొడుగాటి వివరణ మధ్యలో ఒక వాక్యంగా చెప్పింది. కింద సరేనని ఆమె పేరు.

చెప్పుతో చూసినప్పుడు లిఫ్టు అప్పటికే మేలుకుని ఉంది. నిద్రలేపింది అత్తయ్య. ప్రతిరోజూ అందరికంటే ముందు దిగేది ఆవిడే.

మధ్యాహ్నం ఈ మార్పు ఊళ్లన్నిటికీ వెళ్లిపోతుంది. ఆసుపత్రులు, బడులు. ఎక్కడైనా పొద్దున్నే మొదట ఎక్కేవాళ్లు ఎవరో ఒకరుంటారు.

పంపిణీని ఆపే మీట అందరి కంప్యూటర్లలోనూ ఉంది. కానీ ఆమె చేరినప్పట్నుంచీ ఎవరూ నొక్కలేదు. నొక్కితే పేరుతో సహా అందరికీ కనబడుతుంది. తనలా రివ్యూ చేసేవాళ్లు అసలెందుకని పైవాళ్లు గుసగుసలాడుకుంటున్న రోజులు. కళ్లముందు చీలిన కర్ర కదిలింది. నొక్కేసింది.

మేనేజరు పరుగులాంటి నడకతో వచ్చాడు. 'గ్రీనేనా?' అన్నది తప్ప వేరే ప్రశ్న అడగడు కాబట్టి అందరూ ఆయన్ని పచ్చదీపం అనే పిలుస్తారు.

"మేడం, గ్రీన్ ఉండగా ఆపారేంటి?"

"ఆ గ్రీన్ అబద్ధం సార్. రాసింది అదే, పరీక్ష పెట్టింది అదే, తప్పితే పరీక్ష మార్చుకున్నదీ అదే."

"మన లిఫ్టులో నిన్నటి నుంచీ అదే ఉంది కదా? పొద్దున్నుంచి వందమంది ఎక్కారు. ఎవర్నీ కరవలేదే?"

"దాన్ని పడుకోనివ్వందే ఎలా కరుస్తుంది సార్?"

ఆయన ఆమె ముఖం చూశాడు. గొంతు తగ్గించాడు. "సరే. చూపించండి. చూపించలేకపోతే మాత్రం పైవాళ్లకి నేనేం చెప్పాలో మీరే చెప్పాలి."

అన్ని అంతస్తుల్లోనూ లిఫ్టుకి అడ్డంగా కుర్చీలు పెట్టించారు. జనం సణుక్కుంటూ మెట్లెక్కారు. "లిఫ్టుని నిద్రపుచ్చుతున్నారట. జోలపాట కూడా పాడమంటారా?" అని ఎవరో అంటే నవ్వులు. ఆమె మూసి ఉన్న తలుపుని చూస్తూ నిలబడింది. ఏం కోరుకోవాలో తెలియలేదు. ఏమీ కాకపోతే తన ఉద్యోగం పోతుంది. ఏదైనా అయితే, తన పేరుతో వెళ్లిన తలుపు నిజంగానే మనిషిని పట్టుకుంటుందన్నమాట.

లోపలి దీపం ఆరింది. లిఫ్టు పడుకుంది.

ఆమె బటన్ నొక్కింది. తలుపు తెరుచుకుంది. గడప మీద ఖాళీ అట్టపెట్టె పెట్టి, చెయ్యి వెనక్కి లాక్కుంది. తలుపు ఏమాత్రం తొందర లేకుండా, ఏమాత్రం ఆగకుండా వచ్చింది. పెట్టె నడుము కరకరమంటూ లోపలికి పోయింది. ఆ చప్పుడు తర్వాత ఎవరూ నవ్వలేదు.

మేనేజరు నలిగిన పెట్టె తీసుకుని మళ్లీ అదే చోట పెట్టి బటన్ నొక్కాడు. తలుపు పెట్టె దాకా వచ్చి ఠక్కున వెనక్కి తెరుచుకుంది. ఇంకోసారి నొక్కాడు. అంతే.

"మూడిట్లో రెండు పాస్" అన్నాడు మెల్లగా. అలవాటుకొద్దీ వచ్చిన మాట. అన్నాక ఆయనకే ఏదోలా అయింది.

"లోపలికి అడుగుపెట్టేవాళ్లకి మొదటిసారే ఉంటుంది సార్."

సాయంత్రంలోపు పాత కోడ్ అన్నిచోట్లా తిరిగి పెట్టారు. కోడ్ రాసిన ఏజెంటు దాని టెస్టుని ముట్టుకోకూడదని, టెస్టు మార్చాలంటే మనిషి విడిగా చదవాలని, మొదటిసారి తప్పింది తప్పినట్టేనని మేనేజరే నిలబడి రాయించాడు. ఆమెకు శాంతి కలగలేదు. ఆ పచ్చదీపాల వెనక తను సరేనన్నవి ఇంకెన్ని ఉన్నాయో! అన్నిటికంటే పాతదాని నుంచి తెరవడం మొదలుపెట్టింది. ఏజెంటుకి విషయం చెబితే అది వెంటనే, "మీరు చెప్పింది నిజమే, సరిచేశాను" అంది. ఆమె ఆఫీసు ఫోన్లో గొడవకి చేసి, "కాస్త వచ్చి నాతో పోట్లాడవయ్యా" అంది.

మర్నాడు పొద్దున అత్తయ్య తాడు చుట్టిన కర్రతో బయల్దేరితే ఆమె కూడా చెప్పులేసుకుంది.

"నువ్వెక్కడికి? నడక నీకెప్పట్నుంచి?"

"ఇవాళ నేను ముందెక్కుతాను అత్తయ్యా."

లిఫ్టు నిద్రలోంచి లేచి వచ్చింది. తలుపు తెరుచుకుంది. పాత కోడేనని ఆమెకు తెలుసు. అయినా ఆవిడ చేతిలోంచి కర్ర తీసుకుని గడప మీద ఆనించింది. తలుపు కాసేపు ఆగి, కదిలి, కర్రకి తగలకుండానే వెనక్కి వెళ్లింది.

అత్తయ్య కోడలి ముఖం వంకే చూస్తోంది. "అమ్మాయ్, ఈ తలుపు నువ్వు చేసే పనేనా?"

"నా పనే అత్తయ్యా."

"మరి చెప్పవేం?" ఆవిడ కర్ర లాక్కుని, కోడలి జబ్బ పట్టుకుంది. "పద. కలిసే ఎక్కుదాం."

ఇద్దరూ ఒకే అడుగుతో గడప దాటారు.