బీరువా మోసిన రోజు

విమాన కంపెనీ ఆఫీసు రెండో అంతస్తులో, ఫ్యాను గాలి అందని మూల బల్ల గంటలమ్మది. పైలట్ ఉద్యోగానికి వచ్చేవాళ్లు లాగ్‌బుక్కులో రాసుకున్న గంటలు నిజంగా ఎగిరినవో కావో తేల్చడం ఆవిడ పని. పదిహేను వందల గంటలుంటేనే లోపలికి రానిస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆ పుస్తకాలు చదివిన పుణ్యాన ఆవిడ ఇంతవరకూ విమానం ఎక్కలేదు. ఎక్కడికైనా రైలే.

రెండు వందల గంటలకే పండినవాళ్లూ, నాలుగు వేలు దాటినా పచ్చికాయల్లానే ఉన్నవాళ్లూ ఆవిడకు తెలుసు. ఆ మాట పైవాళ్లకు మాత్రం చెప్పదు. చెబితే కమిటీ వేస్తారు.

ఒకరోజు సొంత చెల్లెలి కొడుకు పుస్తకమే బల్ల మీదికొచ్చింది. అయినవాళ్లవి చూడకూడదని నియమముంది, చూడ్డానికి ఇంకో మనిషే లేడు. మొత్తం పదిహేను వందల రెండు గంటలు. తిరగేస్తూ మార్చి పద్నాలుగు దగ్గర ఆగింది. "ఆకాశం నిర్మలం. ఐదు గంటలు."

సాయంత్రం వాణ్ణి ఇంటికి పిలిచింది.

"మార్చి పద్నాలుగున ఎక్కడున్నావురా?"

"గాల్లో, పెద్దమ్మా."

"మా బీరువా కింద ఉన్నావు. ఇల్లు మారిన రోజది. మూడో అంతస్తుకి మోస్తూ నా బొటనవేలి మీద దించావు. గోరు ఇంకా రాలేదు."

"ఆ ఐదూ తీసేస్తే పదిహేను వందలకి మూడు గంటలేగా తక్కువ! ఒక సినిమా అంత. దానికి నా నోట్లో మట్టి కొడతావా?"

"తక్కువైతే ఎగిరి నింపుకోవచ్చురా. రేపు ఇంధనం సగమే ఉంటే నిండుగా ఉందని రాస్తావేమోనని నా భయం."

వాణ్ణి ఎత్తుకుని పెంచిన చెయ్యి ఆవిడది. రాత్రంతా ఏడ్చి, మర్నాడు అదే చేత్తో ఎర్రసిరాతో రాసింది: "ఆ రోజు ఇతను మా బీరువా మోశాడు. సాక్షిని నేనే." కంపెనీ వాణ్ణి ఏడాదిపాటు గడప తొక్కనివ్వలేదు. చెల్లెలూ మాటలు మానేసింది, తిట్టడానికి ఫోన్ చేసినప్పుడు తప్ప.

ఏడాది తిరిగాక పుస్తకం మళ్లీ వచ్చింది. ఒకచోట రాసి ఉంది: "దిగేటప్పుడు రెండుసార్లు ఎగిరిపడింది. తప్పు నాదే." అలాంటి వాక్యం ఆవిడ ఎవరి పుస్తకంలోనూ చూడలేదు. సంతకం పెట్టింది.

వాడు ఉద్యోగంలో చేరాక, వాడు నడిపే విమానానికే టికెట్టు కొనుక్కుంది. దారి పొడుగునా ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకునే కూర్చుంది. దిగేటప్పుడు విమానం ఒకసారి ఎగిరిపడింది.

తలుపు దగ్గర టోపీ చంకలో పెట్టుకుని వాడు నిలబడి ఉన్నాడు. ఆవిడ నోరు తెరిచేలోపే అన్నాడు.

"రాశాను, పెద్దమ్మా."