లస్కరు గఫార్ కోపం

అబ్దుల్ గఫార్ కోపిష్టి అని గిలకలదిండి చేపలరేవులో అందరికీ తెలుసు. ఆ కోపం ఎక్కడ మొదలైందో తెలిసినవాళ్లు తక్కువ.

కోడూరు దగ్గర మురుగుకాలువ సముద్రంలో కలిసేచోట ఆయన ముప్పై ఏళ్లు ప్రభుత్వ లస్కరుగా పనిచేశాడు. పోటెక్కితే ఉప్పునీరు చేలలోకి రాకుండా షట్టర్లు దించాలి, పోటు తగ్గగానే వాననీరు పోయేలా ఎత్తాలి. నీటి వాలు చూసి పోటు ఎక్కే వేళ, తగ్గే వేళ చెప్పగలిగేవాడు. రిటైర్మెంటుకు ఏడాది ముందు కొత్త ఇంజినీరొచ్చాడు. "నేను ఫోన్ చేస్తే తప్ప షట్టరు కదలకూడదు" అన్నాడు. నిన్న చేరినవాడికీ, గఫార్‌కీ అదే మాట.

ఆ కార్తీకంలో తుఫాను వానకు వరి మునిగింది. మధ్యాహ్నం పోటు తగ్గింది. మీటింగులో ఉన్న ఇంజినీరు ఫోనెత్తలేదు. గఫార్ గంటసేపు పళ్లు నూరుతూ నిలబడ్డాడు.

"ఏంటండీ గఫార్ గారూ, చేలు కుళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డారు?" అని గట్టు మీంచి దైవాధీనం అనే రైతు అరిచాడు.

ఇక ఆగలేక షట్టర్లు ఎత్తేశాడు. సాయంత్రానికి వెన్నులు బయటపడ్డాయి. మర్నాడు మెమో వచ్చింది.

"నీళ్లు పోయాయా అని అడగరేంటండీ?" అన్నాడు గఫార్.

"ఎవర్ని అడిగి ఎత్తావ్?" ఇంజినీరు ప్రశ్న అదొక్కటే.

ఆ మెమోతోనే రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చోలేక గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. పాత మెకానిక్ భూషణం దగ్గరుండి పని నేర్పాడు. ఓనరు ప్రేమ్ కుమార్ గుడివాడ నుంచి వారానికోసారి వచ్చేవాడు. "నేను ఎవరి పనిలోనూ వేలు పెట్టను. మీ పని మీరే చూసుకోండి" అనేవాడు. గఫార్‌కి ప్రాణం లేచొచ్చింది.

భూషణం మానేశాక, పడవ పని వదిలేసిన నలభై ఏళ్ల బాబ్జీ చేరాడు. సముద్రం తెలుసు, యంత్రం తెలియదు. ప్రేమ్ కుమార్ అతనికీ అదే మాట చెప్పి, కంప్రెసర్ గది అప్పగించి వెళ్లిపోయాడు. మూడోరోజు బాబ్జీ కంప్రెసర్‌లోంచి పాత నూనె తీస్తూ, కాస్త తిప్పాల్సిన వాల్వుని పూర్తిగా తిప్పేశాడు. ఐసు గడ్డకట్టించే అమోనియా వాయువు బుస్సున ఎగదన్నింది. గఫార్ ముక్కుకి తడి తువ్వాలు చుట్టుకుని దూరి వాల్వు కట్టేశాడు. బాబ్జీని బయటికి లాగి కళ్ల మీద బకెట్ల కొద్దీ నీళ్లు పోశాడు. ఎలాగో చూపు దక్కింది.

మర్నాడు ప్రేమ్ కుమార్ పరుగున వచ్చాడు. "మీకిచ్చిన స్వేచ్ఛే అతనికీ ఇచ్చానండీ!"

గఫార్ ఒళ్లు మండిపోయింది. "అదేనండీ మీరు చేసిన తప్పు! అక్కడ కాలువ మీద ఆ ఇంజినీరు పని తెలిసిన నా చేతులు కట్టేశాడు. ఇక్కడ మీరు తెలియనివాణ్ణి గాలికొదిలేశారు. ఎదురుగా ఉన్న మనిషెవరో, వాడికి ఎంత వచ్చో చూడరా? అందరికీ ఒకే మాట చెప్పడానికి మీరెందుకు, గోడకి బోర్డు తగిలిస్తే చాలదూ!"

ప్రేమ్ కుమార్ ముఖం మాడిపోయింది. "అయితే మీరే నేర్పండి" అన్నాడు.

బాబ్జీ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక గఫార్ ఇరవై రోజులు పక్కనుంచి కదల్లేదు. అతని చెయ్యి వాల్వు మీద పెట్టించి, "ఇంతే! ఇంకో పావు తిప్పావంటే చస్తాం" అని కసిరేవాడు. ఆ తర్వాత కసరడం తగ్గించి, ఎందుకు తిప్పావో చెప్పమనేవాడు.

ఒక పొద్దున బాబ్జీ, "నేను చూసుకుంటాను బాబాయ్, మీరు బయట కూర్చోండి" అన్నాడు.

తిట్టు గఫార్ నోటిదాకా వచ్చింది. మింగేశాడు. వెళ్లి వలలు బాగుచేసేవాళ్ల పక్కన కూర్చున్నాడు. లేచి చూసి రావాలనిపించిన ప్రతిసారీ పిడికిలితో తొడ మీద గుద్దుకున్నాడు గానీ, లేవలేదు.