ఫ్లోరీకి అందని మాట

ఫ్లోరీ కెర్షాకి పెదవి ఎక్కువని ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఆ బట్టల మిల్లు వీధులన్నిటికీ తెలుసు. ఎదురు జవాబును అక్కడ పెదవి అనే అంటారు. "నా దగ్గర పెదవి చూపించకు" అని మేస్త్రీ కసిరితే, "ముందు నా మగ్గం బాగుచెయ్యి, అప్పుడు మూసుకుంటా" అనేది. నిజానికి మిల్లులో ఆ మగ్గాల మోతలో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. నేతగాళ్ళంతా మూతి సాగదీసి పెదవులతోనే మాట్లాడుకుంటారు. ఫ్లోరీ చెవులు ఎప్పుడో పోయాయి. అయినా షెడ్డు ఆ చివర ఎవరు ఎవర్ని ఆడిపోసుకున్నా ఇట్టే పట్టేసేది. మేస్త్రీ పాపం టోపీ అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు.

భర్త ఈనక్ కూడా నేతగాడే. పెళ్ళి చేసుకుంటావా అని మగ్గాల మీదుగా పెదవులతోనే అడిగాడు. ఇప్పుడు దూది దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాడు. గొంతు పూర్తిగా పోయింది. కూతురు విన్నీ టోపీల కొట్లో పనిచేస్తుంది, మిల్లు గడప తొక్కి ఎరగదు. తండ్రి పెదవులు కదిలితే ఊపిరాడక అనుకునేది.

ఆ ఉదయం ఈనక్, "ఏమే ఫ్లోరీ, నీకొకటి చెప్పాలే" అని పెదవులు కదిపాడు. దగ్గు తెర వచ్చి మిగతాది మింగేసింది. అది వినకుండా అతన్ని పోనివ్వకూడదని ఫ్లోరీ మంచం పక్కనుంచి కదల్లేదు.

మధ్యాహ్నం అతను కళ్ళు తేలేశాడు. రొమ్ము కదలడం ఆగినట్టనిపించింది. ఆ వీధుల్లో ప్రాణం పోగానే కిటికీ తెర దించేస్తారు. విన్నీ ఏడుస్తూ లేచి తెర లాగేసింది. సరిగ్గా అప్పుడే ఈనక్ పెదవులు కదిలాయి. "ఫ్లోరీ" అన్నంతవరకే ఆమెకు కనిపించింది. గదంతా చీకటైంది.

"తెర తియ్యవే! మీ నాన్న మాట్లాడుతున్నాడే!"

ఫ్లోరీ తడుముకుని అతని నోటిమీద వేళ్ళు పెట్టింది. వేళ్ళకింద పెదవులు చాలాసేపు కదిలాయి. ఒక్క ముక్కా అర్థం కాలేదు. విన్నీ తెర ఎత్తేసరికి అంతా అయిపోయింది.

ఫ్లోరీకి ఒళ్ళు మండిపోయింది. జన్మలో ఎవర్నీ అననన్ని మాటలు నోటిదాకా వచ్చాయి. విన్నీ మంచం దగ్గర కూలబడి, తల్లికి తెలిసేలా నోరు పెద్దగా తెరిచి అడిగింది.

"ఏమన్నాడమ్మా నాన్న? నేను... నేను తొందరపడ్డానా?"

ఫ్లోరీ కూతురి ముఖంలోకి చూసింది.

"నీకు టీ పెట్టివ్వమన్నాడే. పొద్దుట్నుంచీ ఏం తినలేదుట."

లేచి వెళ్ళి, ఈసారి తెర తనే దించింది.