వసుంధర మేడం మా షెడ్డుకు వచ్చిన రోజు

నిన్న సాయంత్రం కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో కూడా చెవుల్లో హోరు కాసేపు మిగిలే ఉంది. అప్పుడు వసుంధర మేడం గుర్తొచ్చారు. కోరుట్ల నుంచి బస్సులో సిరిసిల్లకు వచ్చే డాక్టరు ఆవిడ. మరమగ్గాల షెడ్లు తిరిగి, పనివాళ్ల చెవులూ ఊపిరితిత్తులూ పరీక్షించి, పని వల్ల జబ్బులు రాకుండా ఏం చేయాలో యజమానులకు చెప్పడం అప్పట్లో ఆవిడ ఉద్యోగం.

ఆవిడ మొదటిసారి వచ్చేనాటికి షెడ్డును మా మామయ్య చూసుకునేవారు. ఆయన ఆ రోజు రాజేశం మీద మండిపడుతున్నారు. పాత పనివాడు. ముందురోజు అతని భుజం మీది తువ్వాల మగ్గంలో చిక్కుకుంటే అందరూ కేకలు వేశారు. అతను తిరిగి చూడలేదు. పక్కవాడు పరుగున వచ్చి మోటారు ఆపబట్టి చేయి దక్కింది.

"ఎంత పిలిచినా పలుకడు. పొగరెక్కింది. రేపటి సంది రావద్దన్న," అన్నారు మామయ్య.

మేడం రాజేశాన్ని వెనక గదిలోకి తీసుకెళ్లారు. నేను చాయ్ ఇవ్వడానికి వెళ్లేసరికి అతని వెనక నిలబడి పేరు పెట్టి పిలుస్తున్నారు. గొంతు పెంచినా అతను కదల్లేదు. ఆవిడ ముందుకు వచ్చి, తన పెదవులు అతనికి కనిపించేలా కూర్చున్నారు.

"ఎప్పటి సంది ఇనవడ్తలేదు, రాజేశం?"

అతని కళ్లు నిండాయి. "శాన దినాలాయె మేడం. చెప్తే పనిల నుంచి తీసేస్తరని భయమైంది."

గుమ్మంలో నిలబడి విన్న మామయ్య లోపలికి వచ్చారు. "మరి గిప్పుడు ఏం జేద్దాం?" అన్నారు మేడంతో.

"పనిల నుంచి తియ్యకుండ్రి సేటూ. బట్ట మడతవెట్టే రూంల వెట్టుండ్రి, అక్కడ మోత ఉండది. మిగిలినోళ్ల చెవులన్న కాపాడుకుందాం."

మోత వినపడకుండా చెవుల్లో పెట్టుకోవడానికి మేడం తెచ్చిన బిరడాలు చూసి కుర్రాళ్లు నవ్వారు. మామయ్యే ముందు పెట్టుకుని మగ్గాల మధ్య తిరిగారు. తర్వాత మేడం రాజేశాన్ని జగిత్యాల ఆసుపత్రికి పంపి చెవి మిషను ఇప్పించారు. అది పెట్టుకుని వచ్చిన రోజు అతని కూతురు వెనక నుంచి మెల్లగా "బాపూ" అంది. అతను వెంటనే తిరిగాడు. మా అందరి గుండెల మీంచి బరువు దిగింది.

మేడం ఇప్పుడు రిటైరై జగిత్యాలలో ఉంటున్నారు. షెడ్డు నేను చూసుకుంటున్నాను. పిలిస్తే ఎవరైనా పలకకపోతే నాకు కోపం రాదు. దగ్గరికి వెళ్లి, ఎదురుగా నిలబడి, ఏమైందని అడుగుతాను.